నీటిరంగుల్లో ప్రశాంతమైన ల్యాండ్‌స్కేప్ వేయడం ఎలా: పొగమంచు చెరువు, మొదటి గీత నుంచి ఫ్రేమ్ దాకా

ప్రశాంతమైన బొమ్మ వేయాలనుకున్న వాళ్ళు ముందుగా ప్రశాంతమైన చోటు కోసం వెతుకుతారు. చెరువు, కొండ, తెల్లవారుజాము దొరికితే మిగతాది దానంతటదే వస్తుందనుకుంటారు. రాదు. అదే చెరువును ముదురు నలుపు, తెల్ల తెలుపు పక్కపక్కన పెట్టి, అంచులన్నీ కత్తిరించినట్టు వేస్తే చూసేవాళ్ళ కన్ను ఒక్కచోట నిలవదు. దానికి తిరగేసిన ఉదాహరణ చిత్రకారుడు విస్లర్. 1870ల్లో ఆయన రాత్రి దృశ్యాలుగా వేసింది లండన్‌లో పడవలు, వంతెనలు, పొగగొట్టాలతో నిండిన థేమ్స్ ఒడ్డును. పలుచటి రంగులో, దగ్గరదగ్గరి టోన్లలో (అంటే ముదురు, లేత మెట్లలో) వేయడంతో అంత రద్దీ చోటు కూడా నిశ్శబ్దంగా కనిపిస్తుంది.

కాబట్టి ఇక్కడ మీ చేతిలో ఉన్నవి నాలుగు: టోన్ల పరిధి, అంచుల మెత్తదనం, గీతల దిశ, రంగు ఘాటు. వీటిలో సగం పని టోన్లదే. నీటిరంగుల్లో అంచులు మాత్రం మీ చేతిలో కంటే కాగితం తడిలో ఎక్కువ ఉంటాయి. అందుకే తడి గురించి ఈ వ్యాసంలో కాస్త ఎక్కువే చెప్పాల్సి వచ్చింది.

నేర్చుకోవడానికి ఒక్క దృశ్యం తీసుకుందాం. పొగమంచులో చెరువు, వెనక కొండ, మధ్యలో చెట్ల వరుస, నీళ్ళ మీద ఒక చిన్న పడవ. ఇది ఒకసారి కుదిరితే నది, సముద్రతీరం, మంచు కప్పిన పొలం అన్నీ ఇదే పద్ధతిలో వస్తాయి.

సామాను

కాగితం వంద శాతం కాటన్‌ది, 300 జీఎస్‌ఎమ్ (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు), కోల్డ్ ప్రెస్ (కాస్త గరుకు ఉన్నది) తీసుకోండి. పొదుపు చేయాలంటే రంగుల్లో చేయండి, బ్రష్‌లలో చేయండి, కాగితంలో వద్దు. చెక్కగుజ్జు కాగితం నీటిని పైపైనే పట్టుకుని ఎగుడుదిగుడుగా, తొందరగా ఆరిపోతుంది. మెత్తటి అంచుకు కావలసిన వ్యవధి అది ఇవ్వదు. చాలామంది తమ చేతిలో లోపం ఉందనుకునేది నిజానికి కాగితం లోపమే. సైజు 28×38 సెం.మీ., అంటే 56×76 సెం.మీ. ఇంపీరియల్ షీటును నాలుగు ముక్కలు చేస్తే వచ్చేది.

రంగులు నాలుగు చాలు: అల్ట్రామెరైన్ బ్లూ, బర్న్ట్ సియెన్నా, ఎల్లో ఓకర్, పర్మనెంట్ రోజ్. ట్యూబు మీద పిగ్మెంట్ నంబరు చూసి కొనండి, పేరును నమ్మకండి. అల్ట్రామెరైన్ అయితే పీబీ 29, ఓకర్ పీవై 43, రోజ్ పీవీ 19 ఉండాలి. బర్న్ట్ సియెన్నా పీబీఆర్ 7 అయినా పీఆర్ 101 అయినా సరే. పీఆర్ 83తో చేసిన పాత తరహా అలిజరిన్ క్రిమ్సన్ వెలుతురుకు వెలిసిపోతుంది, దాని జోలికి పోవద్దు. థాలో బ్లూ కూడా ఈ బొమ్మకు పనికిరాదు. చుక్క వేస్తే మిశ్రమమంతా ఆక్రమిస్తుంది, కాగితంలో దిగిపోయి తర్వాత తుడిచినా రాదు. నలుపు, తెలుపు ట్యూబులు అక్కర్లేదు.

బ్రష్‌లు నాలుగు: రెండంగుళాల మెత్తటి ఫ్లాట్ లేదా హేక్ (జపాన్ తరహా వెడల్పు బ్రష్), 12 నంబరు రౌండ్, 6 నంబరు రౌండ్, సన్నగీతలకు 2 నంబరు రిగ్గర్. ఇవి కాక బ్రష్ కడగడానికి ఒక నీళ్ళ సీసా, రంగు కలపడానికి శుభ్రమైన నీళ్ళతో ఇంకొకటి, పాత కాటన్ గుడ్డ, టిష్యూ, ఒక బోర్డు, మాస్కింగ్ టేపు. బోర్డు వెనక అంచు కింద మూడు సెంటీమీటర్ల ఎత్తున ఏదైనా పెట్టండి. ఆ కాస్త వాలు లేకపోతే వాష్, అంటే పలుచటి రంగు పూత, కిందికి జారదు, ఎక్కడికక్కడ మడుగు కడుతుంది. ఫ్యాను కట్టేయండి.

300 జీఎస్‌ఎమ్ కాగితం కూడా బాగా తడిస్తే కొంచెం ఉబ్బుతుంది. ఉబ్బిన చోట రంగు పల్లంలోకి చేరి చారలవుతుంది. దీన్ని పూర్తిగా తప్పించాలంటే ముందురోజే కాగితాన్ని ఐదారు నిమిషాలు నీళ్ళలో నానబెట్టి, బోర్డు మీద పరిచి, తడిపితే అంటుకునే గమ్ పేపర్ టేపుతో నాలుగువైపులా బిగించి, బల్లపరుపుగా ఆరనివ్వండి. మాస్కింగ్ టేపు తడి కాగితానికి పట్టదు, ఆ పనికి వాడొద్దు.

ముందు చూడటం

కళ్ళు సగం మూసి దృశ్యం చూడండి. వివరాలు పోయి మూడు నాలుగు మచ్చలు మిగులుతాయి. మీరు వేయాల్సింది ఆ మచ్చలనే. కళ్ళు చికిలించడం అలవాటు కాకపోతే ఫోను ఆఫ్ చేసి, దృశ్యానికి వీపు పెట్టి, ఆ నల్ల తెరలో దాని ప్రతిబింబాన్ని చూడండి. పద్దెనిమిదో శతాబ్దపు చిత్రకారులు, యాత్రికులు ఇదే పనికి క్లాడ్ గ్లాస్ అనే నల్లటి అద్దాన్ని వెంట తీసుకెళ్ళేవారు. నల్ల అద్దంలో టోన్లు దగ్గరపడతాయి, రంగుల హడావిడి తగ్గుతుంది.

పొగమంచు విషయంలో ఒక సంగతి ముందే తెలిసి ఉండాలి. దూరపు కొండ నీలంగా ఉంటుందని అందరూ అనుకునేది ఎండ కాసే, గాలి శుభ్రంగా ఉన్న రోజు సంగతి. గాలిలోని అణువులు నీలపు కాంతిని ఎక్కువగా చెదరగొడతాయి, అందుకే ఆ నీలం. మంచు బిందువులు అంతకంటే ఎన్నో రెట్లు పెద్దవి, అవి అన్ని రంగులనూ దాదాపు సమానంగా చెదరగొడతాయి. కాబట్టి మంచులో కొండ పాలిపోయి బూడిదరంగుకు వస్తుంది, నీలంగా మారదు. సూర్యుడు ఆ కొండ వెనకే ఉంటే బూడిదలో కాస్త గులాబీ, కాస్త ఓకర్ కూడా కలుస్తాయి. ఇంకొకటి, ఇలాంటి మంచు నేలను, నీటిని అంటిపెట్టుకుని ఉంటుంది. అందువల్ల కొండ శిఖరం కంటే పాదం లేతగా ఉండాలి. కొత్తగా వేసేవాళ్ళలో పదిమందికి తొమ్మిదిమంది కొండ పాదాన్ని ముదురు చేస్తారు. ఆ ఒక్కదానితో మంచు మాయమైపోతుంది.

చిన్న స్కెచ్, టోన్ల లెక్క

5×7 సెం.మీ. పెట్టె గీసి, 4బీ పెన్సిల్‌తో మూడు టోన్లలో దృశ్యాన్ని నింపండి. ఐదు నిమిషాలకు మించి పట్టకూడదు. ఇలాంటివి మూడు వేసి ఒకటి ఎంచుకోండి.

తెల్ల కాగితాన్ని 1 అని, వేయగలిగిన అతి ముదురును 10 అని అనుకోండి. మన బొమ్మలో ఆకాశం, నీళ్ళు 2, 3 మధ్య ఉంటాయి. కొండ 4. చెట్లు 5 నుంచి 6. పడవ ఒక్కటే 8. అంటే కాగితంలో 95 శాతానికి పైగా 2 నుంచి 6 లోపే నడుస్తుంది. ఆ చిన్న ముదురు లేకపోతే బొమ్మ ప్రశాంతంగా కాదు, చప్పగా ఉంటుంది. రెండు మూడు చోట్ల ముదురు పెడితే కన్ను వాటి మధ్య పరుగులు పెడుతుంది.

ఇక అమరిక. అవతలి ఒడ్డు గీతను కాగితం అడుగు నుంచి 10 సెం.మీ. ఎత్తులో పెట్టండి. కొండ శిఖరం మధ్యలో కాకుండా కాస్త కుడికి, అడుగు నుంచి 16 సెం.మీ. దగ్గర. చెట్ల వరుస ఎడమ అంచు నుంచి మొదలై వెడల్పులో మూడింట రెండొంతులు వచ్చి సన్నబడాలి. ఎత్తు ఒకచోట మూడున్నర సెంటీమీటర్లు, ఒకచోట రెండు, మరోచోట ఒకటి. పడవ కుడివైపు నీళ్ళలో, పొడవు రెండున్నర సెం.మీ. పైన 12 సెం.మీ. ఆకాశం ఖాళీగా ఉంటుంది. అందులో పక్షులు వేయాలని చేతులు దురద పెడతాయి, వేయకండి.

ఒడ్డు గీతను కంటితో గీయొద్దు. స్కేలు పెట్టి రెండు చివర్లా అడుగు నుంచి ఎత్తు కొలవండి. రెండు మిల్లీమీటర్ల తేడా ఉన్నా నీళ్ళు ఒకవైపు ఒలికిపోతున్నట్టు ఉంటుంది. చెరువు ఒడ్డు నిజంగా వంపు తిరిగి ఉన్నా, నిలబడి చూసే కంటి ఎత్తు నుంచి ఆ వంపు దాదాపు సరళరేఖగా అణిగిపోతుంది. వంపు పెద్దదిగా గీస్తే నీటిమట్టం గోడలా లేచి నిలబడుతుంది. కొండ వాలు కూడా అంతే. మనసు దాన్ని నిటారుగా గుర్తుపెట్టుకుంటుంది, పెన్సిల్ చాచి కొలిస్తే చాలా తక్కువ ఉంటుంది. అడ్డగీతలు నిద్రపుచ్చుతాయి, ఏటవాలు గీతలు లేపుతాయి.

చెట్టు కొన సరిగ్గా కొండ అంచును తాకుతోందేమో చూడండి. తాకితే రెండూ ఒకే దూరంలో ఉన్నట్టు అతుక్కుపోతాయి. చెట్టును పైకి దాటించండి, లేదా కిందికి దించండి.

ఖాళీని ఎంత ధైర్యంగా వదలవచ్చో చూడాలనుంటే జపాన్ చిత్రకారుడు హసెగావా తోహాకు పదహారో శతాబ్దం చివర్లో సిరాతో వేసిన పైన్ చెట్ల తెరలను చూడండి. వాటిలో ఎక్కువ భాగం ఖాళీ కాగితమే. మంచు అనేదాన్ని ఆయన వేయలేదు, వదిలేశాడు.

రంగులు ముందే కలిపి పెట్టుకోవడం

వాష్ మధ్యలో రంగు అయిపోతే బొమ్మ అయిపోయినట్టే. అందుకని అన్నీ ముందే కలపాలి.

వెలుగు కోసం ఓకర్‌లో రోజ్ చుక్క వేసి, ఒక పెద్ద చెంచాడు. ఆకాశానికి, నీళ్ళకు రెండు వంతులు అల్ట్రామెరైన్, ఒక వంతు బర్న్ట్ సియెన్నా, కొసరుగా రోజ్, ఇవి రెండు పెద్ద చెంచాలు. అల్ట్రామెరైన్, బర్న్ట్ సియెన్నా ఒకదాని ఘాటును ఒకటి చంపుకుని చక్కటి గ్రే ఇస్తాయి. పైగా అల్ట్రామెరైన్ రేణువులు కాగితం గుంటల్లో దిగి, మంచుకు కావలసిన సన్నటి గరుకు దానంతటదే వస్తుంది. కొండకు ఇదే గ్రేలో ఇంకాస్త రోజ్, ఇంకాస్త అల్ట్రామెరైన్ వేసి అర చెంచా చిక్కగా. చెట్లకు అల్ట్రామెరైన్, బర్న్ట్ సియెన్నా, ఓకర్ సమానంగా. నాలుగు మిశ్రమాలూ ఒకే కుటుంబం నుంచి రావడం వల్ల ఏది ఏ పక్కన పెట్టినా కొట్లాడుకోవు. విడిగా ట్యూబులోంచి పచ్చరంగు తెచ్చి చెట్లకు వేస్తే ఈ పొత్తు చెడుతుంది.

చిక్కదనం చూడటానికి పాలెట్‌ను వంచండి. వెంటనే పారితే ఆకాశానికి సరిపోయే పలుచన. నెమ్మదిగా జారి చివర బొట్టుగా ఆగితే కొండకు. దాదాపు కదలకపోతే పడవకు.

నీటిరంగు ఆరాక లేతబడుతుంది. అదే కాగితం ముక్క మీద ప్రతి మిశ్రమాన్నీ వేసి, పూర్తిగా ఆరాక మీ 1 నుంచి 10 లెక్కతో పోల్చండి. పొడి కాగితం మీద అనుకున్నదానికంటే ఒక మెట్టు ముదురుగా, తడి కాగితం మీద రెండు మెట్లు ముదురుగా కలపాలి. తడిగా ఉన్నప్పుడు ‘మరీ ఎక్కువైందే’ అనిపిస్తే చాలావరకు సరిగ్గా ఉన్నట్టే.

మొదటి వాష్

టేపు అంటించి, 2బీ పెన్సిల్‌తో ఒడ్డు గీత, కొండ, పడవ చోటు మాత్రం లేతగా గుర్తుపెట్టండి. రబ్బరు ఎక్కువ రుద్దితే కాగితం పై పొర లేచి, అక్కడ రంగు మచ్చగా దిగుతుంది.

రెండంగుళాల బ్రష్‌తో కాగితమంతా శుభ్రమైన నీటితో తడపండి. ఒక నిమిషం ఆగి మళ్ళీ ఒకసారి తడపండి. మొదటి తడి కాగితం తాగేస్తుంది, రెండోదే మీకు వ్యవధి ఇస్తుంది. తల వంచి కిటికీ వెలుగుకు ఎదురుగా కాగితం ఉపరితలం చూడండి. మెరుపు అంతటా సమానంగా ఉండాలి. మడుగులుంటే బ్రష్ పిండి అద్దండి.

ఒడ్డు గీత చుట్టూ, పైకి మూడు వేళ్ళు, కిందికి రెండు వేళ్ళ మేర వెలుగు మిశ్రమం వేయండి. బ్రష్ కడిగి, ఆకాశపు గ్రేను పై అంచు నుంచి అడ్డంగా వేసుకుంటూ కిందికి రండి. వెలుగు దగ్గరికి వచ్చేసరికి బ్రష్ దాదాపు ఖాళీ కావాలి. ఇదే పనిని అడుగు అంచు నుంచి పైకి కూడా చేయండి, కానీ అడుగున గ్రే ఆకాశం కంటే ఒక మెట్టు ముదురుగా ఉండాలి. కారణం నీళ్ళ దగ్గర చెబుతాను. రెండు రంగులు కలిసే చోట బ్రష్ పెట్టి సరిచేయబోకండి. బోర్డు పైకెత్తి అటూ ఇటూ వంచితే వాటంతటవే కలుస్తాయి. మూడు నిమిషాల్లో ఈ పని ముగించి బ్రష్ పక్కన పెట్టేయాలి.

టేపు అంచుల్లో బొట్లు నిలిచి ఉంటాయి. పిండిన బ్రష్‌తో వాటిని తాగించండి. లేకపోతే కాగితం ఆరేకొద్దీ ఆ నీళ్ళు వెనక్కి పాకి ఆకాశంలో పువ్వులాంటి గట్టి అంచు మరక చేస్తాయి. దీన్నే బ్యాక్‌రన్ అంటారు.

తడి నాలుగు దశలు

ఈ బొమ్మ గుట్టంతా ఇక్కడే ఉంది. గడియారం చూసి లాభం లేదు. గాలిలో తేమను బట్టి ఒకే కాగితం ఒకరోజు ఐదు నిమిషాల్లో, ఇంకోరోజు ఇరవై నిమిషాల్లో ఆరుతుంది. మెరుపునే చూడాలి.

మొదటి దశలో కాగితం అద్దంలా మెరుస్తుంది, కిటికీ అంచు అందులో స్పష్టంగా కనిపిస్తుంది. ఇప్పుడు ఏ రంగు వేసినా ఆనవాలు లేకుండా పాకుతుంది. ఆకాశానికి తప్ప దేనికీ పనికిరాదు.

రెండో దశలో మెరుపు పట్టుగుడ్డ మెరుపుకు దిగుతుంది. కాగితం గరుకు మెల్లగా బయటపడుతుంది, కిటికీ ప్రతిబింబం మసకబారుతుంది. చిక్కటి రంగు వేస్తే కొన్ని మిల్లీమీటర్లు మాత్రం పాకి ఆగుతుంది. మంచులో కొండ వేయాల్సిన సమయం ఇదే. వ్యవధి రెండు మూడు నిమిషాలకు మించి ఉండదు.

మూడో దశలో మెరుపు పూర్తిగా పోతుంది. చూడటానికి ఆరినట్టే ఉంటుంది, వేలి వెనకవైపు తాకిస్తే చల్లగా తగులుతుంది. అన్నిటికంటే ప్రమాదకరమైన దశ ఇది. ‘ఇక్కడ కొంచెం సరిచేద్దాం’ అని తడి బ్రష్ పెడితే బ్యాక్‌రన్ ఖాయం. చేతులు కట్టుకు కూర్చోండి.

నాలుగో దశ పూర్తిగా ఆరడం. తాకితే చల్లదనం ఉండదు.

నాలుగు దశలకూ వర్తించే సూత్రం ఒకటే: బ్రష్‌లో ఉన్న తడి కాగితం మీద ఉన్న తడి కంటే తక్కువగా ఉండాలి. ఎక్కువైతే ఆ నీళ్ళు చుట్టూ ఉన్న రంగును తోసుకుంటూ పోయి, ఆగిన చోట గట్టు కడతాయి.

కొండ

రెండో దశ రాగానే 12 నంబరు బ్రష్‌లో కొండ మిశ్రమం తీసుకుని, గుడ్డకు ఒకసారి తాకించి, శిఖరపు అంచును ఒకే సాగులో వేయండి. వెంటనే బ్రష్ కడిగి, బాగా పిండి, కొండ కింది సగాన్ని అడ్డంగా ఒకటి రెండు సార్లు తుడవండి. పాదం కరిగి వెలుగులో కలిసిపోతుంది. అంతటితో ఆపాలి.

కొండ పాకిపోయి మేఘంలా తయారైతే మీరు తొందరపడ్డారు. అంచు గట్టిగా వస్తే ఆలస్యమైంది. రెండు సందర్భాల్లోనూ చేయాల్సింది ఒకటే, పూర్తిగా ఆరనివ్వడం. తర్వాత మెత్తటి హేక్‌తో, రుద్దకుండా, ఒకే చుట్టుగా నీళ్ళు పూసి మళ్ళీ రెండో దశ కోసం ఆగి వేయండి. నిజానికి కొత్తవాళ్ళకు మొదటినుంచీ ఈ దారే మంచిది. ఆకాశం ఒక తడిలో, కొండ ఇంకో తడిలో. పోటుగాడిలా ఒకే తడిలో అన్నీ లాగించాల్సిన అవసరం లేదు. రెండోసారి తడిపేటప్పుడు బ్రష్ ఒకేచోట తిప్పితే మాత్రం కింది అల్ట్రామెరైన్ లేచి వచ్చేస్తుంది.

హెయిర్ డ్రయ్యర్‌ను మూడో దశకు వచ్చాక మాత్రమే వాడండి. అంతకుముందు వాడితే గాలి రంగును తోసి చారలు కడుతుంది.

చెట్ల వరుస

ఇప్పుడు కాగితం ఎండి ఉండాలి. ఒడ్డు గీతకు పైన ఒక సెంటీమీటరు వెడల్పు పట్టీని నీటితో తడపండి. 6 నంబరు బ్రష్ పక్కభాగంతో చెట్ల పై అంచులను పొడి కాగితం మీద తెగుతూ తెగుతూ వేయండి, రంగును తడి పట్టీలోకి దించండి. కొనలు కాస్త స్పష్టంగా, మొదళ్ళు మంచులో మునిగి వస్తాయి.

ఆకులు వేయకండి. ఒకే ఎత్తు, ఒకే ఎడం ఉన్న చెట్లు కంచెలా కనబడతాయి. మూడు నాలుగు చెట్లను ఒక మచ్చగా కలిపేసి, ఒక్కదాన్ని విడిగా వదలండి. కుడివైపుకు వెళ్ళేకొద్దీ మిశ్రమంలో నీళ్ళు పెంచుతూ పోతే చివరి చెట్టు ఉందా లేదా అన్నట్టు మిగులుతుంది.

నీళ్ళు

నీళ్ళు వేయడమంటే నీటిలో కనపడేవాటిని వేయడమే. ఇక్కడ తప్పులన్నీ చూడకుండా ఊహించి వేయడం వల్ల వస్తాయి.

ప్రతిబింబం వస్తువుకు సరిగ్గా కింద, నిట్టనిలువుగా ఉంటుంది. నీడలా పక్కకు వాలదు. ముదురు చెట్టు ప్రతిబింబం ఒక మెట్టు లేతగా, లేత ఆకాశపు ప్రతిబింబం ఒక మెట్టు ముదురుగా ఉంటుంది, అంటే నీటిలో టోన్లు మరింత దగ్గరపడతాయి. ఒడ్డుకు దూరంగా వెనక ఉన్న కొండ నీటిలో పైన ఉన్నంత ఎత్తుగా కనబడదు. నీరు చూపేది నీటిమట్టానికి కింద నుంచి చూస్తే కనిపించే దృశ్యం కాబట్టి ఒడ్డు మీది చెట్లు కొండను కొంత కప్పేస్తాయి. పై బొమ్మను అద్దంలో తిప్పినట్టు యథాతథంగా కింద దించితే ఏదో తేడాగా ఉంటుంది గానీ ఏమిటో పట్టుబడదు. అది ఇదే.

అడుగున గ్రే ముదురుగా వేయమన్నది ఇందుకే: దూరపు నీటిని మనం చాలా ఏటవాలుగా చూస్తాం, అక్కడ వెలుగు దాదాపు అంతా తిరిగి వస్తుంది. కాళ్ళ దగ్గరి నీటిని నిలువుగా చూస్తాం, అక్కడ తిరిగి వచ్చేది సుమారు 2 శాతం. మిగతాది లోపలికి పోతుంది. అందువల్ల దగ్గరి నీరు ముదురుగా, తన సొంత రంగుతో ఉంటుంది. ఈ ఒక్క తేడాతో నీటిమట్టం పడుకుంటుంది.

పని ఇలా. ఒడ్డు గీత కింద నీళ్ళ భాగమంతా తడిపి, రెండో దశ కోసం ఆగండి. చెట్ల మిశ్రమంలో కాస్త నీళ్ళు చేర్చి, ప్రతి చెట్టు కింద నిలువుగా కిందికి లాగండి. కొండకు ఇంకా లేతగా. తర్వాత బ్రష్ కడిగి పిండి, దాని అంచుతో అడ్డంగా ఒకటి రెండు సన్నటి వెలుగు గీతలు ఎత్తండి. గాలి తాకిన నీరు అలా మెరుస్తుంది. రెండూ వేర్వేరు పొడవుల్లో ఉండాలి, ఏదీ ఈ చివర నుంచి ఆ చివరకు పోకూడదు. మూడో గీత ఎత్తాలనిపిస్తే లేచి బయటికి వెళ్ళండి.

ఒడ్డు గీత మొత్తం పొడవునా గట్టిగా కనబడుతుంటే అక్కడక్కడా తడి బ్రష్‌తో మెత్తగా తడిపి, టిష్యూ అద్ది చెరిపేయండి. నేల ఎక్కడ ఆగిందో, నీరు ఎక్కడ మొదలైందో సగం దూరం తెలియకపోతేనే అది మంచు.

ఆ ఒక్క ముదురు

కాగితం పూర్తిగా ఆరాక పడవ. అల్ట్రామెరైన్, బర్న్ట్ సియెన్నా దాదాపు నీళ్ళు లేకుండా కలిపి, 6 నంబరు బ్రష్ కొనతో ఒకే ముక్కగా వేయండి. బొమ్మ మొత్తంలో గట్టి అంచు ఇదొక్కటే. పడవ అడుగున ఒక చిన్న ప్రతిబింబం, రిగ్గర్‌తో ఒక గెడ చాలు. గెడను నిటారుగా కాకుండా కాస్త వాల్చండి, లేదంటే మేకు కొట్టినట్టుంటుంది. చోటు మీద నమ్మకం లేకపోతే ముదురు కాగితం కత్తిరించి పడవ ఆకారం చేసి, బొమ్మ మీద జరిపి చూసుకుని అప్పుడు వేయండి.

ఇక దూరం నుంచి చూడాలి. మూడు మీటర్ల వెనక్కి వెళ్ళండి, అద్దంలో చూడండి, ఫోటో తీసి నలుపు తెలుపులోకి మార్చండి. నలుపు తెలుపులో ఆకాశం, కొండ, చెట్లు మూడు వేర్వేరు మచ్చలుగా కనబడాలి. కొండ, చెట్లు కలిసిపోతే చెట్లకు ఇంకొక పలుచటి పూత. పడవ కంటే ముందు ఇంకేదైనా కంటికి తగిలితే దాని అంచును మెత్తబరచండి.

బొమ్మ చెడినప్పుడు

రంగు బురదగా మారిందంటే మూడో దశలో మళ్ళీ మళ్ళీ తిప్పారని అర్థం. నాలుగు రంగులు కలపడం వల్ల కాదు. బురదైన చోట ఇంకో రంగు వేసి బాగుచేయలేరు. ఆరనిచ్చి, తడి స్పాంజితో ఎత్తి, మళ్ళీ మొదలుపెట్టాలి.

చప్పగా ఉంటే, ముందు టోన్లు చూడండి. టోన్లు సరిగ్గా ఉండి కూడా ప్రాణం లేకపోతే వెచ్చదనం, చల్లదనం తేడా లేదన్నమాట. ఒడ్డు పైన ఓకర్, రోజ్ పలుచటి పూత ఒకటి వేస్తే చుట్టూ ఉన్న గ్రేలు ఒక్కసారిగా చల్లబడతాయి.

ఆకాశంలో బ్యాక్‌రన్ వస్తే వెంటనే దాని వెంటపడకండి. పూర్తిగా ఆరాక గట్టి అంచును తడి బ్రష్‌తో మెత్తగా రుద్ది, టిష్యూతో అద్దండి. చిన్నదైతే వదిలేయండి, మంచులో కలిసిపోతుంది.

ఇదే అమరికను 14×19 సెం.మీ. ముక్కల మీద నాలుగుసార్లు వేయడం ఒక పెద్ద బొమ్మ కంటే ఎక్కువ నేర్పుతుంది. ఒకదాంట్లో అన్ని టోన్లూ 2 నుంచి 4 లోపు, ఇంకొకదాంట్లో 5 నుంచి 8 లోపు ఉంచి చూడండి. వెనకవైపు తేదీ, వాతావరణం, ఏ దశలో కొండ వేశారో రాయండి. 1821, 1822లో లండన్ దగ్గరి హాంప్‌స్టెడ్‌లో మేఘాలు వేసిన ఇంగ్లిష్ చిత్రకారుడు కాన్‌స్టబుల్ కూడా చాలా అభ్యాస చిత్రాల వెనక రోజు, గంట, గాలి దిశ రాసుకున్నాడు. ఆరు నెలల తర్వాత మీకు పనికొచ్చేవి ఆ రాతలే.

టేపు తీసేటప్పుడు బొమ్మ నుంచి బయటి వైపుకు, వెనక్కి మడిచి, నెమ్మదిగా లాగండి. కాగితం కాస్త చల్లగా ఉన్నా చిరుగుతుంది. ఫ్రేము కట్టించేటప్పుడు యాసిడ్ లేని మౌంట్ బోర్డు (బొమ్మ చుట్టూ కిటికీలా కత్తిరించి పెట్టే అట్ట) అడగండి. గాజుకూ బొమ్మకూ మధ్య ఆ మౌంట్ మందం ఎడం ఉండాలి. గాజు నేరుగా తాకితే లోపల చేరిన తేమకు కాగితం అంటుకుని బూజు పడుతుంది. నేరుగా ఎండ పడే గోడకు తగిలించొద్దు.